ఇప్పుడు ఏ ఆల్బమ్ వింటున్నారు?

ఆదివారం ఆరాధన ముగిసి, పెద్దలు ఇంకా చెప్పులు వెదుక్కుంటూ ఉండగానే యౌవనస్థులు గేటు దగ్గర గుంపుగా చేరతారు. ఇయర్‌ఫోన్ ఒకటి తన చెవిలో, రెండోది పక్కవాడి చెవిలో. "నువ్వు ఇప్పుడేం వింటున్నావ్ రా?" అనే ప్రశ్న అక్కడ తప్పకుండా వినబడుతుంది. మనలో చాలామందికి అది కాలక్షేపంగా కనిపిస్తుంది. పెద్దలు కూడా అడగవలసిన ప్రశ్నే అది అని మేము అనుకుంటున్నాము.

అసలు పాటల గుంపుకు ఆల్బమ్ అనే పేరెందుకు? పాత గ్రామఫోను రికార్డు ఒక వైపు నాలుగైదు నిమిషాలకు మించి పాడేది కాదు. పెద్ద సంగీతం కావాలంటే చాలా రికార్డులు కొని, ఫోటోల ఆల్బమ్ లాంటి అట్టల పుస్తకంలో దాచేవారు. పేరు అక్కడి నుంచే వచ్చింది. 1948లో కొలంబియా కంపెనీ లాంగ్ ప్లే రికార్డు తెచ్చాక ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా పట్టింది. ఏ పాట ముందు రావాలి, ఏది చివర రావాలి అన్నది కూడా ఆలోచించి పెట్టడం పెరిగింది.

మన ఇళ్లకు ఆల్బమ్ క్యాసెట్‌గా వచ్చింది. కన్వెన్షన్ పందిరి బయట బల్ల మీద కొన్న క్యాసెట్ ఒక ఇంట్లో వారం, ఇంకో ఇంట్లో వారం తిరిగేది. టేపు వదులైతే పెన్సిలు పెట్టి చుట్టేవాళ్లం. నచ్చిన పాట దగ్గరికి నేరుగా వెళ్లడం కష్టం కాబట్టి వైపంతా వినవలసిందే. అందుకే ఆ పాటలు ఇప్పటికీ వరుస తప్పకుండా గుర్తున్నాయి. ఇప్పుడు సంఘం వాట్సాప్ గ్రూపులో తెల్లవారేసరికి పాటల లింకులు డజను ఉంటాయి. పంపినవారే పూర్తిగా విన్నారా అని మాకు అనుమానం.

పూర్తిగా వినవలసిన ఆల్బమ్ ఒకటి చెప్పమంటే అరీతా ఫ్రాంక్లిన్ పాడిన 'అమేజింగ్ గ్రేస్' చెబుతాము. ఆమె డెట్రాయిట్‌లోని ఒక బాప్టిస్టు కాపరి కుమార్తె. చిన్నప్పుడు తండ్రి సంఘంలో పాడి, తర్వాత లౌకిక సంగీతంలో పెద్ద పేరు తెచ్చుకుంది. ఆ పేరు ఉన్న రోజుల్లోనే, 1972 జనవరి 13, 14 తేదీల్లో, లాస్ ఏంజిలిస్‌లో ఒక బాప్టిస్టు చర్చిలో గాయక బృందంతో కలిసి ఈ ఆల్బమ్ పాడింది. పియానో దగ్గర రెవరెండ్ జేమ్స్ క్లీవ్‌ల్యాండ్. రెండో రాత్రి తండ్రి కూడా వచ్చి మాట్లాడారు. సినిమా కూడా తీశారు గానీ బొమ్మకూ శబ్దానికీ పొంతన కుదరక అది దశాబ్దాలు మూలన పడింది. 2018లో గానీ జనానికి చూపలేదు.

అందులో ఒక పాట మా సంఘాల్లో తప్పక వాదానికి దారితీస్తుంది. థామస్ డోర్సీ 1932లో భార్యనూ అప్పుడే పుట్టిన బిడ్డనూ పోగొట్టుకున్న దుఃఖంలో రాసిన ప్రార్థన గీతం, కరోల్ కింగ్ రాసిన స్నేహం పాట, ఈ రెంటినీ కలిపి ఒకే పాటగా పాడించారు. రెండోది రేడియోలో మోగిన లౌకిక గీతం. చర్చిలో పాడవచ్చా? మాలోనే దీనిపై రెండు మాటలున్నాయి. కానీ విన్న తర్వాతే వాదించాలన్న దానిలో మాత్రం ఒకే మాట.

ఈ మాట ఊరికే అనడం లేదు. కొన్నేళ్ల క్రితం ఒక యౌవనస్థుల కూడికలో, ఏం వింటున్నారో ఒక్కొక్కరూ చెప్పమన్నాము. ఒక అబ్బాయి దాచకుండా ఒక సినిమా పాటల ఆల్బమ్ పేరు చెప్పాడు. ఒక పెద్దాయన అందరి ముందే మందలించారు. మేము అడ్డుపడలేదు. తర్వాత చెప్పినవాళ్లందరూ ఆరాధన పాటల పేర్లే చెప్పారు. అందులో నిజమెంతో ఎవరికి తెలుసు? ఆ అబ్బాయి మరో రెండు వారాలు వచ్చి మానేశాడు. ఆ ఆల్బమ్‌లో అతనికి ఏం దొరికిందో మేము అడగనే లేదు.

అడిగే పద్ధతి ఒకటుంది. ఒక్కరికి ఒక్క ఆల్బమే. ఏ పాట దగ్గర ఆగిపోయారో, ఎందుకో చెప్పాలి. విన్నవాళ్లు వారంలో దాన్ని మొదటి నుంచి చివరి దాకా వినాలి, ఆ తర్వాతే మాట్లాడాలి. పెద్దలూ చెప్పాలి. పిల్లలకు అది మరీ ఆసక్తి. కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం ఎందుకు వేశారో తెలియని పిల్లవాడికి, తాతయ్య అదే కీర్తన తాళం వేస్తూ పాడి వినిపిస్తే చాలు.

మమ్మల్ని అడుగుతారా? ఈ వారం మేము వింటున్నది పురుషోత్తమ చౌదరి గారి కీర్తనల పాత క్యాసెట్. ఒక అమ్మగారు రుమాలులో చుట్టి అరువిచ్చారు. రెండో వైపు మూడో పాట దగ్గర కాస్త గరగరలాడుతుంది, వచ్చే ఆదివారం తిరిగి ఇచ్చేయాలి.