నల్లరేగడి దూది, సిరిసిల్ల బట్ట

సిరిసిల్లలో ఏ వీధికి పోయినా సాంచాల చప్పుడు వినబడుతుంది. మరమగ్గమును అక్కడివారు సాంచా అంటారు. దానికి ఉత్తరముగా, ఆదిలాబాదు నల్లరేగడి చేలలో దీపావళి నాటికి పత్తి తెల్లగా విచ్చుకొంటుంది. ఈ రెంటినీ చూచినవారు ఆ దూదియే ఈ సాంచాలపై బట్ట అవుతున్నదనుకొంటారు. నేనూ చాలకాలము అట్లే అనుకొన్నాను. కాని సిరిసిల్లలో ఎక్కువగా నేసేది పాలియెస్టరు. 2017 నుండి కొన్నేండ్లు ప్రభుత్వము అక్కడ నేయించి పంచిన బతుకమ్మ చీరలలోనూ ఎక్కువగా ఆ దారమే.

“మరి ఏ బట్ట కొంటే భూమికి మేలు, సార్?” అని ఒక విద్యార్థి అడిగినాడు. పత్తియే అని చప్పున అనబోయి ఆగినాను.

ముందు దారమును గుర్తుపట్టుట నేర్చుకొందాము. పాత బట్ట అంచునుండి నాలుగు పోగులు తీసి, పట్టకారుతో పట్టి, ఉపాధ్యాయుని సమక్షములో దీపపు మంటకు చూపండి. నూలుపోగు కాగితమువలె కాలి మెత్తని బూడిద అవుతుంది. పాలియెస్టరు ముడుచుకొని, కరిగి, చల్లారిన పిదప గట్టి పూసవలె మిగులుతుంది. కరిగిన బొట్టు చర్మమునకు అంటుకొని కాలుస్తుంది, జాగ్రత్త!

ఈ భేదమునకు కారణము అణువులలో ఉన్నది. పత్తి సెల్యులోజు. దాని గొలుసుల పొడవునా ఉన్న హైడ్రాక్సిలు సమూహములు నీటిని పట్టుకొంటాయి. అందుచేత పత్తి గాలిలోని తేమనే తన బరువులో సుమారు 8 శాతము వరకు పీల్చుకొంటుంది. పాలియెస్టరు అర శాతమైనా పీల్చదు. అది పెట్రోలియము నుండి తీసిన పదార్థములతో చేసిన గొలుసు. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డు, డిక్సను అను రసాయన శాస్త్రజ్ఞులు దానిని దారముగా తీసినారు. రామగుండము మే నెల ఎండలో ఏ చొక్కా సుఖమో ఇక చెప్పనక్కరలేదు.

ఇక ఖర్చు సంగతి. ఒక కిలో నూలుబట్టకు ప్రపంచ సగటున సుమారు 10,000 లీటర్ల నీరు పడుతుందని లెక్క. భయము గొలిపే అంకెయే. ఐతే ఇందులో వాన నీరూ కలిసి ఉన్నది. ఆదిలాబాదు పత్తి చాలావరకు వానపైననే పండుతుంది. బావి తోడి పండించిన పత్తితో దానిని ఒకే గాట కట్టరాదు. పురుగుమందుల భారము మాత్రము కాదనలేము. 2002లో మన దేశములో బీటీ పత్తికి అనుమతి వచ్చిన పిదప మందులు కొంతకాలము తగ్గినా, గులాబిరంగు పురుగు ఆ విషమునకు అలవాటు పడినది.

పాలియెస్టరుకు నీరు తక్కువ, మన్నిక ఎక్కువ, ఇస్త్రీ అవసరమూ తక్కువే. కాని ఉతికినప్పుడెల్లా కంటికానని పోగులు రాలి నీటిలో చేరుతాయి. అవి దూదివలె మట్టిలో కుళ్ళవు.

కాబట్టి దారము పేరుతోనే తీర్పు చెప్పుట తొందరపాటు. చొక్కా తయారీకైన నీరు, నూనె, కరెంటు, రంగు అంతా లవము. తొడిగిన దినములు హారము. 30 సార్లు తొడిగి పారవేసిన చొక్కాకంటె 120 సార్లు తొడిగిన చొక్కాకు, తొడిగిన ఒక్కొక్క సారికి పడే భారము నాలుగవ వంతే. మోటుగా వాడే బడి పిల్లలకు టెరికాటన్ యూనిఫారము తప్పేమీ కాదని నా అభిప్రాయము. ఐతే చినిగిన పిదప అందులోని రెండు పోగులను విడదీయుట కష్టము. పాత నూలు చీరలైతే పొరలుగా పరచి బొంత కుట్టుకొంటారు.

సాంచా నడిపేవాని కూలి సంగతి మరువరాదు. పాలియెస్టరు వద్దని అందరమూ ఒక్కసారి అంటే మొదట ఆగేది అతని మగ్గమే. సిరిసిల్లలో కొన్ని సాంచాలపై నూలు లంగాబట్ట నేస్తూనే ఉన్నారు. నూలుకు గిరాకీ ఉంటే మరికొన్ని అటు మళ్ళవచ్చును.

నన్నడిగిన విద్యార్థి చొక్కా కాలరు మడత దగ్గర అరిగి ఉన్నది. మా నాన్నగారి తరములో అట్టి కాలరును విప్పి, తిరగేసి కుట్టించేవారు. ఆ మాట చెప్పితే అతడు నవ్వి, దర్జీ ఎంత అడుగుతాడని అడిగినాడు.