అమ్మ గురించి అడగాల్సినవి

అక్టోబరు 10 ప్రపంచ మానసిక ఆరోగ్య దినం. ఆ వారం సంచికకి ముఖచిత్ర కథనం కావాలనీ, గురువారం సాయంత్రానికల్లా డెస్కుకి చేరాలనీ ఎడిటర్‌గారు చెప్పారు. విషయం: తల్లికో తండ్రికో మానసిక వ్యాధి ఉన్న ఇళ్ళలో పెరిగే పిల్లలు. డాక్టర్లతో మాట్లాడాను, చట్టాలు తిరగేశాను, హెల్ప్‌లైన్ నంబర్లు రాసుకున్నాను. కానీ గోదావరి జిల్లాలో ఒకరింట్లో, అటక మీది ట్రంకుపెట్టెలోంచి తీసి నా చేతిలో పెట్టిన పాత లాంగ్ నోట్‌బుక్ చూశాక మిగతావన్నీ వెనక్కి వెళ్ళిపోయాయి. ఈ కథనంలో ఎక్కువ చోటు దానికే.

అది రాసినావిడ ఇప్పుడు ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్తున్నారు. రాసేనాటికి ఏడో తరగతి. 2001 జూన్‌లో, బడులు తెరిచిన వారంలో మొదలైంది. తల్లికి బైపోలార్ డిజార్డర్. అంటే కొన్నాళ్ళు నిద్రాహారాలు పట్టని ఉద్రేకం, కొన్నాళ్ళు మంచం దిగలేనంత దిగులు, మధ్యలో మామూలుగా ఉండే నెలలు. తండ్రి చేపల చెరువుల మీద పనికి వెళ్ళి పదిహేను రోజులకోసారి ఇంటికొచ్చేవారు. ఇంట్లో అమ్మ, తను, రెండో తరగతి చదివే తమ్ముడు. పేర్లూ ఊరూ రాయొద్దన్నారు.

మొదటి పేజీలన్నీ స్కేలు పెట్టి గీసిన గళ్ళు. తేదీ, పక్కన ‘ఉ’, ‘రా’. ఉదయం ఒక తెల్ల మాత్ర. రాత్రి రెండు తెల్లవి, ఒక పసుపుది. వేసుకుంటే టిక్కు, లేకపోతే సున్నా. వేసుకున్నానని చెప్పి దిండు కింద దాచిన రోజున సున్నాలో చుక్క. ఈ వ్యాధికి ఇచ్చే లిథియం మాత్రలు వాడేవాళ్ళకి రక్తంలో దాని మోతాదు ఎప్పటికప్పుడు చూడాలి. రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకి రక్తం తియ్యాలి. పేజీ అంచున ఆ సంగతీ ఉంది: ‘రా 9 మాత్ర. పొ 9 రక్తం. పొద్దుటి మాత్ర రక్తం ఇచ్చాకే.’

తర్వాతి పేజీకి ఎర్రసిరాతో ‘గుర్తులు’ అని పేరు. ‘రాత్రి బీరువా సర్దుతోంది. పాటలు గట్టిగా. ఎదురింటి అత్తగారికి కొత్త చీర ఇచ్చేసింది. నిద్రపోలేదు 1. నిద్రపోలేదు 2 – మావయ్యకి ఫోన్.’ నిద్ర తగ్గిపోవటం ఉద్రేక దశకి ముందొచ్చే ముఖ్యమైన గుర్తుల్లో ఒకటి. మంచి వైద్యులు రోగినీ ఇంటివాళ్ళనీ కూర్చోబెట్టి సరిగ్గా ఇలాంటి జాబితానే రాయిస్తారు. ఈ పిల్లకి ఎవరూ చెప్పలేదు. అమ్మని చూసి చూసి రాసుకుంది. ఆ పక్క పేజీలో రెండో రకం గుర్తులు: ‘జడ వేసుకోలేదు. పొయ్యి వెలిగించలేదు. పిలిస్తే ఊ అనలేదు.’ వాటి కింద చిన్న అక్షరాలతో: ‘అన్నం నేనే. పప్పు రాదు. పెరుగు.’

బడి ఎగ్గొట్టిన రోజులకీ ఒక పేజీ ఉంది. ‘జ్వరం. కడుపునొప్పి. పెళ్ళి. జ్వరం. తమ్ముడికి జ్వరం.’ టీచరుకి చెప్పిన సాకులివి. ఒకటే సాకు వెంటవెంటనే రెండుసార్లు చెప్పకుండా ఉండేందుకు రాసి పెట్టుకుంది. వెనక అట్టకి సెలోటేపుతో ఒక కాగితప్పొట్లం అంటించి ఉంది. అందులో ఎప్పుడూ అయిదు రూపాయి బిళ్ళలుండేవట. ‘‘సందు చివర కిరాణా కొట్లో కాయిన్ బాక్స్ ఫోనండీ. మావయ్య వాళ్ళ పక్కింట్లో ఎత్తేవారు. ఆయన్ని పిలుచుకొచ్చేలోగా టైమైపోయేది. మళ్ళీ ఒక బిళ్ళ వెయ్యాలి. అందుకని అయిదు. తమ్ముడు పుల్లయిసు కోసం ఏడ్చినా తీసేదాన్ని కాదు’’ అన్నారావిడ.

ఇలాంటి పిల్లల్ని చూసి ‘ఆ వయసుకే ఎంత పెద్దరికమో’ అని మెచ్చుకోవటం మనకి అలవాటు. ఆ మెచ్చుకోలంటే నాకు భయం. మెచ్చుకున్నవాళ్ళు మెచ్చుకుని వెళ్ళిపోతారు, పని మాత్రం పిల్ల మీదే ఉంటుంది. ఆవిడని నేనడిగాను, అప్పట్లో మీకేం కావాలనిపించేదని. ఆలోచించుకోకుండానే చెప్పారు: ‘‘రాత్రిపూట మెలకువగా ఉండటానికి ఇంకొకళ్ళు.’’ తల్లి పడుకుందో లేదో చూడాలి కదా అని పన్నెండేళ్ళ పిల్ల తను పడుకునేది కాదు. మర్నాడు బడిలో కునుకు తీస్తే బెంచీ ఎక్కించేవారు.

‘అడగాల్సినవి’

నోట్‌బుక్ మధ్యలో ఒక పేజీకి ఈ శీర్షిక ఉంది. ఆసుపత్రికి వెళ్ళినప్పుడు డాక్టరుగారిని అడుగుదామని రాసుకున్న ప్రశ్నలు. ఒక్కటీ అడగలేదు. తల్లినీ మావయ్యనీ లోపలికి పిలిచేవారు. పిల్లల్ని బయట బల్ల మీద కూర్చోబెట్టేవారు. ఆ ప్రశ్నలు పట్టుకుని ఇన్నేళ్ళకి నేను సైకియాట్రిస్టుల దగ్గరికి వెళ్ళాను.

‘నాకూ వస్తుందా? తమ్ముడికా?’ వంశంలో దిగేది వ్యాధి కాదు, వ్యాధికి లోనయ్యే గుణం. తల్లిదండ్రుల్లో ఒకరికి బైపోలార్ ఉంటే బిడ్డకి అదే రావటం పదిమందిలో ఒకరికి అటూ ఇటూగా జరుగుతుంది. స్కిజోఫ్రెనియా, బైపోలార్, తీవ్రమైన డిప్రెషన్‌లలో ఏదైనా ఉన్నవాళ్ళ పిల్లలమీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ కలిపి 2014లో లెక్కగట్టారు. పెద్దయ్యేసరికి దాదాపు మూడోవంతు మందికి వీటిలో ఏదో ఒకటి వచ్చే అవకాశముందని తేలింది. చిన్న లెక్కేమీ కాదు, దాన్ని దాచకూడదు. మిగతా రెండు వంతుల మందికి రాదన్న సంగతీ దాచకూడదు. నిజం తెలియని పిల్లలు నూటికి నూరు వస్తుందనే అనుకుంటారు. ఈవిడ ముప్ఫయ్యో ఏడు దాటేదాకా ఒక్క రాత్రి నిద్ర పట్టకపోయినా వణికిపోయేవారట.

‘నేను ఏడిస్తే ఎక్కువవుతుందా? లెక్కల్లో తక్కువ వచ్చినందుకా?’ కాదు. ఏ బిడ్డ మార్కులూ, అల్లరీ, ఏడుపూ తల్లికి ఈ వ్యాధి తెప్పించవు. ఈ ఒక్క మాట పిల్లల చెవిన వెయ్యటమే సగం వైద్యమని నేను కలిసిన వాళ్ళందరూ అన్నారు. బోస్టన్‌లో విలియం బియర్డ్‌స్లీ అనే సైకియాట్రిస్టు డిప్రెషన్ ఉన్న తల్లిదండ్రుల కుటుంబాలతో ఏళ్ళ తరబడి పనిచేశారు. బాగా నిలదొక్కుకున్న పిల్లల్లో ఆయనకి కనిపించింది ఇదే: ఇది నా వల్ల రాలేదన్న ఎరుక, ఇంటి బయట తనకంటూ ఒక పని, తనదనుకునే ఒక మనిషి. దాన్నిబట్టే ఆయన తల్లిదండ్రుల్నీ పిల్లల్నీ ఒకచోట కూర్చోబెట్టి వ్యాధి గురించి మాట్లాడించే పద్ధతి తయారుచేశారు.

‘మాత్రలు ఎప్పుడు ఆపుతారు?’ చాలామందికి ఏళ్ళ తరబడి, కొందరికి జీవితాంతం వాడాలి. లిథియం ఉన్నట్టుండి ఆపేస్తే వ్యాధి తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. అమ్మ బాగుందిగా అని పెద్దవాళ్ళు మాన్పించిన సందర్భాలు నోట్‌బుక్‌లో ఉన్నాయి. తర్వాతి వారాల్లో సున్నాలే.

ఆఖరి ప్రశ్న: ‘అమ్మ అన్న మాటలు నిజంగా అన్నవేనా?’ ఏం మాటలో నేను అడగలేదు. దీనికి డాక్టర్ల జవాబు ఒక్కలా లేదు. ఉద్రేకంలో నోటికొచ్చినవాటిని మనసులో మాటలుగా తీసుకోకూడదని ఒకరన్నారు. అలా అన్నంత మాత్రాన బిడ్డకి తగిలిన దెబ్బ పోదు, తల్లి నెమ్మదించాక దగ్గర కూర్చోబెట్టుకుని తనే ఆ మాటెత్తాలి, అందుకు ఆవిడకి సాయం చెయ్యటం మా పనే అని ఇంకొకరన్నారు. నాకు రెండో జవాబు సబబుగా తోచింది.

■ ఎంత చెప్పాలి, ఎలా చెప్పాలి

‘అమ్మ ఊరెళ్ళింది’ అని చెప్పటం మన ఇళ్ళలో మామూలు. గాలి సోకిందనో, ఎవరో చేతబడి చేశారనో చెప్పటం ఇంకా నష్టం. పిల్లలు భయంతో బతుకుతారు. నాలుగైదేళ్ళ పిల్లలకి ‘అమ్మకి జబ్బు చేసింది, డాక్టర్లు చూస్తున్నారు, నీకు అన్నం అమ్మమ్మ పెడుతుంది’ చాలు. బడికెళ్ళే వయసుకి వ్యాధి పేరు చెప్పొచ్చు. అది అంటుకోదనీ, వాళ్ళ తప్పు కాదనీ చెప్పాలి. పదేళ్ళు దాటితే వంశపారంపర్యం సంగతి వాళ్ళే అడుగుతారు, తప్పించుకోకూడదు. రాత్రి పరిస్థితి చెయ్యి దాటితే ఎవరికి ఫోన్ చెయ్యాలో, ఎవరింటికి పరిగెత్తాలో అమ్మ బాగున్నప్పుడే అందరూ కలిసి అనుకుని కాగితం మీద రాసి పెట్టుకోవాలి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416. ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది, తెలుగులో మాట్లాడతారు. పిల్లలు ఆపదలో ఉంటే 1098.

మూడేళ్ళు దాటితే

ఇలాంటి ఇళ్ళ గురించి మన చట్టాలేమంటాయో చూశాను. వాటి చరిత్ర క్లుప్తంగా: 1912లో బ్రిటిషువాళ్ళ లూనసీ చట్టం, 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం, 1987లో కొత్త చట్టం, 1996 నుంచి జిల్లా కార్యక్రమం, 2015–16లో మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ చేసిన జాతీయ సర్వే (పెద్దవాళ్ళలో నూటికి 10 మందికి పైగా అప్పటికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉందని తేలింది), 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2018 మే నుంచి అమలు.

ఈ ఆఖరి చట్టంలోని 21వ సెక్షన్‌లో పిల్లల మాట ఉంది. చికిత్స పొందుతున్న తల్లి నుంచి మూడేళ్ళలోపు బిడ్డని మామూలుగా వేరు చెయ్యకూడదు. బిడ్డకి ప్రమాదమని డాక్టరు భావిస్తే తాత్కాలికంగా వేరు చెయ్యొచ్చు. అప్పుడు కూడా తల్లికి బిడ్డని చూపించాలి, 15 రోజులకోసారి నిర్ణయాన్ని సమీక్షించాలి, 30 రోజులు దాటితే మానసిక ఆరోగ్య అథారిటీ అనుమతి తీసుకోవాలి. ఎంతో మనసుపెట్టి రాసిన సెక్షనిది. బెంగళూరు నిమ్హాన్స్‌లో 2009 నుంచే తల్లీబిడ్డల్ని కలిపి ఉంచే వార్డు నడుస్తోంది.

మరి మూడేళ్ళు దాటిన పిల్లలు? వాళ్ళు కనిపించాలంటే ఇంకో చట్టం తియ్యాలి. తల్లిదండ్రులు బిడ్డని చూసుకోవటానికి తగరని, లేదా చూసుకోలేని స్థితిలో ఉన్నారని బాలల సంక్షేమ కమిటీ తేలిస్తే ఆ బిడ్డ 2015 నాటి బాలల న్యాయ చట్టం కిందికి వస్తుంది. ఈ రెండు చట్టాల మధ్య మన నోట్‌బుక్ పిల్ల ఉంది. చంకబిడ్డ కాదు, తల్లి చేతకానిదీ కాదు. ఏడాదిలో ఎక్కువ నెలలు వండిపెట్టి, జడలేసి, బడికి పంపిన తల్లే. అలాంటి ఇంటికి కావలసింది బిడ్డని తీసుకెళ్ళే అధికారి కాదు, వారానికోసారి తొంగిచూసే మనిషి. నార్వేలో 2010 నుంచి, పెద్దల్ని చేర్చుకునే ఆసుపత్రుల్లో రోగుల పిల్లల సంగతి చూసే బాధ్యత సిబ్బందిలో ఒకరికి అప్పగించాలని చట్టమే చెప్తుంది. ఫిన్లాండ్‌లో టిట్టి సోలాంటస్ అనే పిల్లల సైకియాట్రిస్టు రూపొందించిన పద్ధతిలో రోగితో రెండు మూడుసార్లు కూర్చుని పిల్లల గురించే మాట్లాడతారు: బడిలో ఎలా ఉన్నాడు, స్నేహితులెవరు, ఇంట్లో ఎవరి దగ్గర చేరతాడు. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. మన జిల్లా ఆసుపత్రిలో సోషల్ వర్కర్ చెయ్యగల పని.

హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమీ వెర్నర్ అనే మనస్తత్వవేత్త దశాబ్దాలపాటు గమనించారు. పేదరికం, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల మానసిక వ్యాధి వంటివన్నీ మీదపడ్డ పిల్లల్లో కూడా మూడోవంతు మంది నిబ్బరంగా ఎదిగారు. వాళ్ళందరికీ నమ్ముకోదగ్గ పెద్దమనిషి కనీసం ఒకరు దొరికారు. తాతో, పిన్నో, టీచరో. ఈ ఇంట్లో మావయ్య. ఫోన్ వస్తే ఏ వేళైనా సైకిలేసుకుని వచ్చేవాడు. అలాంటి మావయ్య లేని పిల్లలకి ఆ మనిషిని ప్రభుత్వం చూపించాలన్నదే నా వాదన.

తల్లి ఏమన్నారంటే

ఆవిడకిప్పుడు అరవై దాటాయి. మాత్రలు తనే వేసుకుంటారు. కూతురు ఆ నోట్‌బుక్‌ని ఈమధ్యే చూపించిందట. నా ముందు కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చదివారు. ఒకచోట వేలు పెట్టి, ‘‘ఇది తప్పు. ఆ చీర నేను మంచిగా ఉన్నప్పుడే ఇచ్చాను. వాళ్ళమ్మాయి పురిటికొచ్చింది’’ అన్నారు. కూతురు కాదనలేదు, పెన్సిలు తీసుకుని ఆ మాట కొట్టేశారు.

ఇన్నేళ్ళూ పిల్లలతో ఎందుకు మాట్లాడలేకపోయారని అడిగాను. ‘‘మాట్లాడితే ఒప్పుకున్నట్టే కదండీ. ఒప్పుకుంటే పిల్లల్ని లాక్కుంటారని మా అత్తగారు అననే అన్నారు. పిచ్చిదాని దగ్గర పిల్లలేంటని’’ అన్నారు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. హిందూ వివాహ చట్టంలో మానసిక వ్యాధి ఇప్పటికీ విడాకులకి ఒక కారణం. అయితే మానసిక వ్యాధి ఉందని నిర్ధారించినంత మాత్రాన, కోర్టు తేల్చకుండా ఎవరినీ మతిస్థిమితం లేనివాళ్ళుగా పరిగణించరాదని 2017 చట్టం స్పష్టంగా చెప్తోంది. ఆ సంగతి ఆవిడకి నేను చెప్పేదాకా ఎవరూ చెప్పలేదు.

మొదటిసారి ఆసుపత్రిలో చేర్చిన రోజు ఆవిడకి బాగా గుర్తుంది. ‘‘గాజులు నాలుగు, పుస్తెలతాడు, చెవి దిద్దులు, చేతిసంచీలో నూట ఎనభై రూపాయలు. అన్నీ కాగితం మీద రాసి మా అన్నయ్యతో సంతకం పెట్టించుకున్నారు. ఇంటి దగ్గర ఇద్దరు పిల్లలున్నారు, వాళ్ళకెవరు వండి పెడుతున్నారు, ఏం చెప్పి వచ్చారు, రేపు బడికి ఎవరు పంపుతారు... ఇవి కూడా ఆ కాగితంలో ఉండాలి కదండీ? మీరు పెద్ద పత్రికలో రాస్తారుగా, అది రాయండి.’’