మొక్కజొన్న క్యాసరోల్: రుచి, పుష్టి

పల్నాడులోని క్రోసూరు ప్రాంతానికి జొన్న పాత పంట. మొక్కజొన్న అమెరికా ఖండం నుండి వచ్చిన ధాన్యం. అందుచేతనే చరక, సుశ్రుత సంహితలలో దీని ప్రస్తావన కానరాదు.

మొక్కజొన్న మాంసకృత్తులలో లైసిన్, ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాలు తక్కువ. దానినే ప్రధానాహారంగా భుజించిన పేదలకు పెల్లాగ్రా అనే వ్యాధి కలిగేది. పాలలో ఆ రెండూ ఉన్నాయి. కనుక పాలు, చీజ్ చేర్చి వండే క్యాసరోల్ ఆ కొరతను పూరిస్తుంది. జొన్నన్నంలో మజ్జిగ పోసుకొనడంలోని మేలు కూడా ఇదే.

కావలసినవి: లేత మొక్కజొన్న గింజలు 2 కప్పులు, పాలు 1 కప్పు, బియ్యపుపిండి 2 చెంచాలు, వెన్న 1 చెంచా, చీజ్ తురుము అర కప్పు, మిరియాలపొడి, జీలకర్రపొడి, అల్లం తురుము తగినంత.

విధానం: గింజలను ఉడికించి, సగం కచ్చాపచ్చాగా నూరాలి. వెన్నలో పిండిని దోరగా వేయించి, పాలు కొద్దికొద్దిగా పోస్తూ ఉండకట్టకుండా చిక్కబరచాలి. గింజలు, పొడులు, అల్లం, సగం చీజ్ కలిపి, వెన్న రాసిన పాత్రలో సర్ది, మిగిలిన చీజ్ పైన చల్లాలి. ఓవెన్‌లో 180 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 25 నిముషాలు ఉంచితే పైభాగం బంగారువన్నె తేలుతుంది. ఓవెన్ లేనివారు మందపాటి గిన్నెలో అంగుళం మేర ఉప్పు పరచి, స్టాండుపై పాత్ర నుంచి, మూతపెట్టి, సన్నని సెగపై 40 నిముషాలు కాల్చవచ్చును. పైభాగం అంతగా ఎర్రబడదు, రుచి తగ్గదు.

జాగ్రత్తలు: చీజ్‌లోనే ఉప్పు ఉండును; వేరుగా వేయనక్కరలేదు. రక్తపోటు గలవారు ఇంట విరిచిన పనీరు వాడుట మేలు. మధుమేహులు దీనిని అన్నంతోపాటు కాక, అన్నానికి బదులుగా మితంగా తీసుకోవాలి. ఇది గురుపదార్థం, జఠరాగ్ని బలంగా ఉండే మధ్యాహ్నవేళ భుజించుట శ్రేయస్కరం.