సుగ్గికి అమ్మానాన్న.. అవ్వ చెంత చిన్నారి
వలస కాలంలో పిల్లల మనసూ కనిపెట్టాలి

ఆదోని: వానలు ముఖం చాటేసినా, చేతికొచ్చిన పంట అప్పులకే చాలకపోయినా పశ్చిమ పల్లెలకు మిగిలే దారి సుగ్గి. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం, నందవరం మండలాల నుంచి కూలీలు మిరప కోతలకు గుంటూరు వైపు, కట్టడ పనులకు బెంగళూరు, హైదరాబాద్‌లకు తరలివెళ్తుంటారు. పిల్లలను వెంట తీసుకెళ్తే బడి మానిపించినట్లే. వదిలివెళ్తే అవ్వాతాతలే దిక్కు. సీజనల్ హాస్టల్ తెరిచిన చోట తిండికి, చదువుకు కొంత ఊరట. ఆ చిన్నారి మనసులో ఏం జరుగుతోందన్నది మాత్రం ఎవరి లెక్కలోకీ రాదు.

ఇది ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలకే పరిమితమైన సమస్య కాదు. తల్లిదండ్రులు వలస వెళ్లగా ఇంటి వద్ద మిగిలిన పిల్లలపై జరిగిన 111 అధ్యయనాలను సమీక్షించి 2018లో లాన్సెట్ వైద్య పత్రిక ఫలితాలను ప్రచురించింది. వాటిలో అత్యధికం చైనాకు చెందినవే. అలాంటి పిల్లల్లో కుంగుబాటు, ఆందోళన, ఆత్మహత్య ఆలోచనల ముప్పు ఎక్కువని తేలింది.

బాధను పిల్లలు మాటల్లో చెప్పరు. కడుపునొప్పి అంటారు. మానిన పక్కతడుపు మళ్లీ మొదలవుతుంది. చీటికిమాటికి తగవులాడే పిల్లవాడిని అందరూ గమనిస్తారు గానీ, ఉన్నట్టుండి మౌనంగా మారిన ఆడపిల్లను 'బుద్ధిమంతురాలు' అని మెచ్చుకుంటారు. ఉపాధ్యాయులు ముందుగా పలకరించవలసింది ఆమెనే.

ఏడుస్తారని పిల్లలు నిద్రలో ఉండగా బయలుదేరడం మన పల్లెల్లో పరిపాటి. తెల్లవారి లేచేసరికి అమ్మ కనిపించకపోతే, ఇక ఏ రాత్రీ నిద్రపోవడానికి బిడ్డ భయపడవచ్చు. ఎక్కడికి వెళ్తున్నదీ, ఎందుకు వెళ్తున్నదీ ముందే చెప్పాలి. తిరిగొచ్చే తేదీ ఖాయం కానప్పుడు 'పండక్కి వస్తాం' అని మాట ఇవ్వకపోవడమే మేలు.

ఫోన్ రోజూ ఒకే వేళకు చేస్తే మంచిది. 'బాగున్నావా' అంటే 'ఊఁ' అనే జవాబే వస్తుంది. ఈరోజు బడిలో ఎవరి పక్కన కూర్చున్నావు, అవ్వ ఏం వండింది, రాత్రి నిద్ర పట్టిందా అని అడిగితే మాట సాగుతుంది. ఆ తర్వాత అవ్వతోనూ మాట్లాడాలి. డెబ్బై ఏళ్ల వయసులో ముగ్గురు పసివాళ్లను సాకడం చిన్న పని కాదు. ఆమె దిగులునూ ఎవరో ఒకరు అడగాలి కదా!

'చచ్చిపోతా' అన్న మాటను బెదిరింపుగా కొట్టిపారేయరాదు. అలాంటి ఆలోచన ఉందా అని నేరుగా అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదని మానసిక వైద్యశాస్త్రం చెబుతోంది. పత్తి పండించే ఇళ్లలో పురుగుమందు డబ్బాలు చేతికందేలా ఉండటం సాధారణం. వాటిని ఇంటి నుంచి తొలగించాలి, లేదా తాళం వేసి ఉంచాలి.

కర్నూలు సర్వజన వైద్యశాలలో మానసిక వైద్య విభాగం ఉంది. అయితే ఆదోని నుంచి సుమారు 100 కిలోమీటర్లు వెళ్లి రావడమంటే ఒకరోజు కూలీ పోయినట్లే. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 నంబరుపై రాత్రింబవళ్లు, ఉచితంగా, తెలుగులోనే అందుతోంది. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 ఉంది. చదువు రాని అవ్వ కోసం ఈ రెండు నంబర్లనూ ఫోన్‌లో భద్రపరచి, ఏ మీట నొక్కాలో చూపించి మరీ సుగ్గికి బయలుదేరాలి.