మూలనపడ్డ కంప్యూటర్లకు లైనక్స్ ఊపిరి

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 చిప్ తప్పనిసరి. దీంతో బడుల్లోని పాత కంప్యూటర్లను తుక్కుకింద అమ్మేయాలన్న ఆలోచన సహజమే. తొందరపడనక్కర్లేదు.

హార్డ్‌డిస్కు చెడిన యంత్రాన్నీ పనిలో పెట్టే మార్గం ఉంది. 1999లో అమెరికాకు చెందిన జిమ్ మెక్‌క్విలన్ ప్రారంభించిన లైనక్స్ టెర్మినల్ సర్వర్ ప్రాజెక్టు (ఎల్‌టీఎస్‌పీ) చేసింది ఇదే. గదిలో శక్తిమంతమైన సర్వరు ఒక్కటి ఉంటుంది. మిగతా యంత్రాలు నెట్‌వర్కు కేబుల్ ద్వారా దాని నుంచే లైనక్స్‌ను అందుకొని మొదలవుతాయి. ప్రోగ్రాములన్నీ సర్వరులోనే నడుస్తాయి; విద్యార్థి ముందున్నది తెర, కీబోర్డు, మౌస్‌ల పని మాత్రమే చూస్తుంది. వీటినే థిన్ క్లయింట్లంటారు. లైసెన్సు రుసుము లేదు.

చిక్కల్లా సర్వరుతోనే. అది ఆగితే తరగతి మొత్తం ఆగుతుంది. కరెంటు నమ్మకంలేని ఊళ్లలో దానికైనా యూపీఎస్ పెట్టాల్సిందే. 2 జీబీ ర్యామ్ ఉన్న 64 బిట్ యంత్రమైతే సర్వరు అక్కర్లేకుండానే ఎక్స్ఎఫ్‌సీఈ వంటి తేలికపాటి డెస్క్‌టాప్‌ను నేరుగా ఎక్కించుకోవచ్చు.