రీస్టార్ట్ చేస్తే అనుమతులు ఎక్కడికి పోతాయి?

లైనక్స్ కంప్యూటర్‌కి ఆర్డ్వినో ఊనో బోర్డు తగిలిస్తే డెవ్ డైరెక్టరీలో టీటీవై ఏసీఎం 0 అనే ఫైలు పుడుతుంది. తెరవబోతే అనుమతి లేదంటుంది. సీహెచ్‌మాడ్ ఆదేశంతో అందరికీ చదివే, రాసే అనుమతి (666) ఇస్తే పని జరిగిపోతుంది గానీ, రీస్టార్ట్ చేయగానే కథ మళ్ళీ మొదటికొస్తుంది. దీన్ని లోపమని విసుక్కునేవాళ్ళే ఎక్కువ. ఆ ఫైలు పుట్టుపూర్వోత్తరాలు చూస్తే మాత్రం ఈ మతిమరుపు తెలిసి పెట్టిందేనని తేలుతుంది.

పరికరాన్నీ ఫైలుగానే చూడాలన్నది బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్‌లో చేసిన ఏర్పాటు. ఆ ఫైల్లో డేటా ఉండదు. ఏ డ్రైవర్‌ని పిలవాలో కెర్నల్‌కి చెప్పే మేజర్, మైనర్ నంబర్లు ఉంటాయంతే. తొలినాళ్ళ లైనక్స్‌లో ఇవి హార్డ్ డిస్క్ మీదే ఉండేవి కాబట్టి ఒకసారి మార్చిన అనుమతి నిలిచేది. అయితే ఎప్పుడో రాబోయే పరికరాలకి కూడా ముందే ఫైళ్ళు చేసిపెట్టాలి. లేని డిస్కులకి సైతం పేర్లు, వాటితో కిక్కిరిసిన డైరెక్టరీ! ఎప్పుడు పడితే అప్పుడు తగిలించి పీకే యూఎస్‌బీ రోజుల్లో ఇది సాగే పని కాదు. రిచర్డ్ గూచ్ రాసిన డెవ్‌ఎఫ్‌ఎస్ 2000లో కెర్నల్‌లో చేరి, ఉన్న పరికరాలకే ఫైళ్ళు చూపించింది. 2003లో గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ తెచ్చిన యూడెవ్, పేర్లూ అనుమతుల పెత్తనాన్ని కెర్నల్ బయటి నియమాలకి అప్పగించింది. 2009లో వచ్చిన డెవ్‌టీఎంపీఎఫ్‌ఎస్‌తో ఈ ఫైళ్ళు పూర్తిగా మెమరీలోనే పుడుతున్నాయి. కంప్యూటర్ ఆపితే ఫైలే మిగలదు, ఇక దాని అనుమతి ఎక్కడ మిగులుతుంది?

మార్చిన అనుమతిని ఎక్కడో రాసిపెట్టుకుని మళ్ళీ తగిలిస్తే పోలేదా అనొచ్చు. డెవ్‌ఎఫ్‌ఎస్‌కి తోడుగా నడిచిన డెవ్‌ఎఫ్‌ఎస్‌డీకి ఆ వీలుండేది కూడా. చిక్కల్లా పేరుతోనే. టీటీవై ఏసీఎం 0 అన్నది బోర్డు పేరు కాదు, వరసలో ముందు దొరికినదానికి దక్కే పేరు. ఈరోజు ఆర్డ్వినోది, రేపు మోడెమ్‌ది కావచ్చు. పేరుని పట్టుకుని అనుమతిని గుర్తుపెట్టుకుంటే ఒకరికిచ్చిన తాళంచెవి ఇంకొకరి ఇంటికి పడుతుంది. అదే డిస్కు విషయంలో జరిగితే మరీ ప్రమాదం: డిస్కుని సూచించే ఎస్‌డీఏ ఫైలుని నేరుగా చదవగలిగినవాడికి అందులోని ఫైళ్ళ అనుమతులు అడ్డే కావు.

బూట్ అయ్యేటప్పుడు సీహెచ్‌మాడ్ నడిపే స్క్రిప్టు పెట్టేస్తే చాలదా? అదీ అరకొర మందే. కేబుల్ పీకి మళ్ళీ పెడితే కొత్త ఫైలు పుడుతుంది, స్క్రిప్టు మళ్ళీ నడవదు. మారని పరికరాలున్న చిన్న యంత్రంలో మాత్రం ఫైళ్ళని డిస్కు మీదే ఉంచే పాత పద్ధతే హాయి, కాదనలేం.

డెబియన్, ఉబుంటుల్లో ఈ బోర్డుకి అసలు నియమమే రాయక్కర్లేదు. సీరియల్ పోర్టులు డయలౌట్ గ్రూపు పేరిట, యజమానీ గ్రూపూ మాత్రమే చదివి, రాయగలిగే 0660 అనుమతితో పుడతాయి. వాడే మనిషిని ఆ గ్రూపులో చేరిస్తే చాలు. సభ్యత్వం డిస్కు మీద ఉంటుంది కాబట్టి చెరగదు. ఆ ఒక్క బోర్డుకే ప్రత్యేక ఏర్పాటు కావాలంటే, తయారీదారు నంబరు 2341, ఉత్పత్తి నంబరు 0043 అయితే ఈ గ్రూపు, ఈ అనుమతి అని యూడెవ్‌కి ఒక్క వరుస నియమం రాస్తే సరిపోతుంది. రాశాక కూడా ఫలితం లేదంటే, సాధారణంగా ఆ నియమమున్న ఫైలు కన్నా తర్వాతి నంబరున్న నియమాల ఫైలు దాన్ని తిరగరాసి ఉంటుంది, లేదా గ్రూపులో చేరిన మనిషి ఇంకా లాగౌట్ అయి మళ్ళీ లాగిన్ అయి ఉండడు.