తెర మీద వైద్యం, చేతికందే నాడి

ఈటింగ్ డిజార్డర్లంటే తిండి మీద అలకో, సన్నబడాలన్న సరదానో కాదు. అనొరెక్సియాలో ఒళ్లు ఎముకల గూడవుతున్నా లావెక్కుతామన్న భయం వదలదు. బులీమియాలో అతిగా తినడం, ఆపైన వాంతి చేసుకోవడం మార్చి మార్చి సాగుతాయి. ఇవి మనసుకు వచ్చే జబ్బులే కానీ దెబ్బ ఒంటికీ తగులుతుంది: నాడి మందగిస్తుంది, రక్తంలో పొటాషియం పడిపోతుంది, గుండె లయ తప్పుతుంది. అందుకే సైకాలజిస్టు, డైటీషియన్, డాక్టరు ముగ్గురూ కలిసి చూడాల్సిన జబ్బులివి. ఆస్ట్రేలియా లాంటి విశాల దేశంలో పెద్ద నగరాలు దాటితే ఆ ముగ్గురూ ఒకచోట దొరకడం కష్టం.

అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్. మానసిక చికిత్సకు అది ఏడాదికి 10 సిట్టింగులకే రాయితీ ఇచ్చేది. ఈ జబ్బుకు అవి ఏ మూలకూ చాలవు. 2019 నవంబరు నుంచి ఈటింగ్ డిజార్డర్లకు విడిగా ఏడాదికి 40 మానసిక చికిత్స సిట్టింగులు, డైటీషియన్ వద్ద మరో 20 వరకూ ఇస్తున్నారు. అనొరెక్సియా అని తేలితే చాలు, అర్హత వచ్చినట్టే. మామూలు బరువుతో కనిపించే బులీమియా రోగి మాత్రం తన బాధ ఎంత తీవ్రమో ప్రశ్నావళి మార్కులతో, ఇతర లక్షణాలతో రుజువు చేసుకోవాలి. పైకి కనబడని జబ్బుకు ఇది కాస్త అన్యాయమే.

2020లో కోవిడ్ రాగానే వీడియో, ఫోన్ సిట్టింగులకూ మెడికేర్ దేశమంతటా డబ్బు చెల్లించడం మొదలుపెట్టింది. పిల్లలకు ఇచ్చే కుటుంబ చికిత్సలో భోజనం బాధ్యత తల్లిదండ్రులదే. వీడియోలో థెరపిస్టుకు ఆ ఇంటి భోజనాల బల్లే కనిపిస్తుంది. క్లినిక్‌లో ఆ వీలు లేదు. చిక్కులూ ఉన్నాయి. తెర మీద తన ముఖమే తనకు కనిపిస్తుంటే కుంగిపోయేవాళ్లున్నారు. ఇంట్లో తూకానికి ముందు కడుపునిండా నీళ్లు తాగి బరువు ఎక్కువ చూపించేవాళ్లూ ఉన్నారు.

కాబట్టి దూరవైద్యం నిజానికి స్థానిక ఫ్యామిలీ డాక్టరు మీదే నిలబడింది. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి నాడి, బీపీ చూడటం, బరువు తూచడం, ఈసీజీ, రక్తపరీక్షలు చేయించడం ఆయన పనే. ప్రతి 10 సిట్టింగులకూ సమీక్ష తప్పదు. 20 దాటి కొనసాగాలంటే సైకియాట్రిస్టో పిల్లల డాక్టరో కూడా చూడాలి.

బాగా చిక్కిపోయిన మనిషికి ఒక్కసారిగా తిండి పెంచితే రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆ దశలో ఏ తెరా పనికిరాదు, ఆసుపత్రి మంచమే కావాలి.